తోలు, టోపీ, తొర్ర

ఇంగ్లీషులో 'ఫర్‌బేరర్' అనే మాట ఒకటి ఉంది. అమెరికాలోని రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు ఏటా వెలువరించే నిబంధనల పుస్తకాల్లోనూ, అడవుల నిర్వహణ మీద వచ్చే గ్రంథాల్లోనూ ఇది తరచుగా కనిపిస్తుంది. బీవర్, మార్టెన్, ఫిషర్, మింక్, నీటికుక్క, లింక్స్ మొదలైన జంతువులన్నిటికీ కలిపి పెట్టిన పేరు. జంతుశాస్త్రం దృష్టితో చూస్తే ఈ జాబితాకు ఏ ఏకసూత్రతా లేదు. బీవర్ ఎలుకల వర్గంలో పుట్టిన శాకాహారి. ఫిషర్ చూపుకు మన ముంగిసను తలపించే మాంసాహారి. లింక్స్ పిల్లిజాతి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టింది వాటి ఒంటిమీది బొచ్చుకు బజారులో పలికిన ధర మాత్రమే.

తెలుగులో ఈ మాటకు సరైన సమానార్థకం లేదు. ఆ అవసరం మనకు కలగలేదు. మృగచర్మం అనగానే మనకు గుర్తువచ్చేది మునులు పరచుకొనే కృష్ణాజినం, లేదా శివుడి నడుమున ఉన్న పులితోలు. మన ఎండల్లో జంతువు ఒంటినుంచి మనవాళ్ళు కోరుకున్నది వెచ్చదనం కాదు, పరిమళం. కస్తూరి, పునుగు, జవ్వాది లేని ప్రబంధ వర్ణన ఎక్కడ ఉంది? తిరుమలలో శ్రీవారికి నేటికీ శుక్రవారం అభిషేకం తరువాత పునుగు తైలం పూస్తారు. బీవర్‌కూ తోక దగ్గర అటువంటి గ్రంథి ఉంది. దానినుంచి తీసే కాస్టోరియం అనే పదార్థాన్ని యూరపు వైద్యులు శతాబ్దాల తరబడి తలనొప్పికీ, జ్వరానికీ, మూర్ఛకూ మందుగా వాడారు. బీవర్ తినే విల్లో బెరడులోని సాలిసిలేట్లు అందులో కొంత చేరుతాయి కనుక ఆ మందు బొత్తిగా వట్టిది కాకపోవచ్చు. కాని బీవర్ ప్రాణం మీదికి వచ్చింది మందు వల్ల కాదు, టోపీ వల్ల.

గత కొద్ది నెలల్లో ఈ విషయం మీద మూడు పుస్తకాలు వరుసగా చదివాను. ఎరిక్ జే డోలిన్ 2010లో ప్రచురించిన 'ఫర్, ఫార్చ్యూన్ అండ్ ఎంపైర్' వ్యాపార చరిత్ర. బెన్ గోల్డ్‌ఫార్బ్ 2018లో తెచ్చిన 'ఈగర్' బీవర్ల గురించినది. రోజర్ పావెల్ 1982లో రాసిన 'ది ఫిషర్' శాస్త్రగ్రంథం. డోలిన్ కథనం చురుకైనది, కాని అందులో కంపెనీలు కనిపించినంత స్పష్టంగా జంతువులు కనిపించవు. గోల్డ్‌ఫార్బ్‌కు బీవర్ మీద ఉన్న ప్రేమ ఒక్కొక్కచోట మోతాదు మించినా చదివిస్తుంది. ముగ్గురిలో నన్ను ఎక్కువకాలం పట్టి ఉంచినవాడు పావెల్. ఆయన పుస్తకంలో అలంకారం మచ్చుకైనా లేదు. ఒక జంతువు ఎక్కడ పడుకుంటుంది, ఏం తింటుంది, ఎక్కడ కంటుంది అన్న ప్రశ్నలను వదలకుండా వెంటాడటం ఒక్కటే ఉంది. మంచి కేస్ షీట్ చదివిన తృప్తి కలిగింది.

ముందు టోపీ సంగతి. బీవర్ ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. పైన పొడవైన గరుకు వెంట్రుకలు, అడుగున దట్టమైన ఉన్ని. ఆ ఉన్ని పోగులకు కంటికి కనపడనంత చిన్న కొక్కేలు ఉంటాయి. వాటిని తడిపి, వేడిచేసి, నొక్కితే ఒకదానిలో ఒకటి పెనవేసుకొని గట్టి ఫెల్టుగా మారుతాయి. ఆ ఫెల్టుతో చేసిన టోపీ వానకు కరగదు, వంగిపోదు. పదహారు, పదిహేడు శతాబ్దాల యూరపులో ఆ టోపీ మనిషి అంతస్తుకు గుర్తు. యూరపు బీవర్లు అంతరించే దశకు వచ్చేసరికి ఉత్తర అమెరికా తెరుచుకుంది. అక్కడి ఆదివాసులు ఒకటి రెండు శీతకాలాలు ఒంటికి కప్పుకొని వాడిన పాత తోళ్ళకే వ్యాపారులు ఎక్కువ ధర ఇచ్చేవారు. ఒంటి రాపిడికి పై వెంట్రుకలు రాలిపోయి, చెమటకూ కొవ్వుకూ ఉన్ని మెత్తబడి ఫెల్టుకు సిద్ధంగా ఉండేది. పాతబట్టకు కొత్తబట్టకన్నా ఎక్కువ ఇచ్చే వర్తకుణ్ణి చూసి ఆదివాసులు ఏమనుకున్నారో!

నాసిరకం బొచ్చును, ముఖ్యంగా కుందేలు బొచ్చును, ఫెల్టుకు లొంగదీయడానికి టోపీ పనివారు పాదరసపు నైట్రేటును పూసేవారు. మూసిన గదుల్లో ఆ ఆవిరి పీల్చినవారికి చేతులు వణికేవి, చిగుళ్ళు వాచేవి, పళ్ళు ఊడేవి, బిడియమూ చిరాకూ కలగలసిన ఒక మానసిక స్థితి ఏర్పడేది. కనెక్టికట్ రాష్ట్రంలో టోపీలకు పేరుపడిన డాన్‌బరీ పట్టణం పేరుమీదుగానే ఆ వణుకును పిలిచేవారు. న్యూజెర్సీ వైద్యుడు జె. ఆడిసన్ ఫ్రీమన్ 1860లోనే ఆ జబ్బును వర్ణించి ప్రచురించాడు. అమెరికాలో టోపీల తయారీలో పాదరసాన్ని నిలిపివేసింది 1941 చివరలో. రోగనిర్ధారణకూ నివారణకూ మధ్య 81 ఏళ్ళు.

1670లో ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ ఇచ్చిన అధికారపత్రంతో హడ్సన్స్ బే కంపెనీ పుట్టింది. ఈస్టిండియా కంపెనీకి ఇది సమకాలీన సోదరి అనుకోవచ్చు. మచిలీపట్నంలో అద్దకపు బట్టలు కొంటున్న కాలంలోనే అవతలి ఖండంలో ఇంగ్లీషువారు బీవర్ తోళ్ళు కొంటున్నారు. అక్కడ బీవర్ తోలే నాణెం. తుపాకి ఇన్ని బీవర్లు, దుప్పటి ఇన్ని బీవర్లు అని లెక్క. అమెరికా వైపున జాన్ జేకబ్ ఆస్టర్ 1808లో అమెరికన్ ఫర్ కంపెనీ స్థాపించాడు. 1834లో తప్పుకొని, ఆ డబ్బును న్యూయార్కు నేలలో పెట్టి, 1848లో చనిపోయేనాటికి దేశంలోకెల్లా ధనవంతుడయ్యాడు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికన్నా విస్మయం కలిగించిన ఘట్టం వేరే ఉంది. 1820లలో ఒరెగాన్ ప్రాంతం ఎవరిదన్న తగాదా బ్రిటనుకూ అమెరికాకూ మధ్య తేలలేదు. అమెరికన్ వేటగాళ్ళు తూర్పునుంచి రాకుండా ఉండాలంటే వారికి అక్కడ దొరికేది ఏమీ లేకుండా చేయాలని హడ్సన్స్ బే కంపెనీ అధిపతి జార్జ్ సింప్సన్ సంకల్పించాడు. పీటర్ స్కీన్ ఆగ్డెన్ నాయకత్వంలో 1824 నుంచి దళాలు స్నేక్ నది పరీవాహకంలో ఏటేటా తిరిగి కనిపించిన ప్రతి బీవర్‌నూ పట్టాయి. 'బొచ్చు ఎడారి' సృష్టించడమే వాళ్ళ లక్ష్యం. తన సొంత భూభాగాల్లో కొన్నిచోట్ల బీవర్లను పొదుపుగా పట్టాలని నియమాలు పెట్టిన కంపెనీయే ఇక్కడ ఒక్కటీ మిగలకూడదని ఆజ్ఞాపించింది. వాళ్ళకు పొదుపు తెలియక జరిగిన విధ్వంసం కాదిది. ఎక్కడ కాపాడాలో, ఎక్కడ తుడిచిపెట్టాలో లెక్కవేసుకొని చేసిన పని. వన్యప్రాణి నిర్వహణ అనే శాస్త్రానికి తొలి పాఠం ఇక్కడే రాయబడిందని ఎవరైనా అంటే కాదనలేను.

యూరపువారు రాకముందు ఉత్తర అమెరికాలో బీవర్లు ఆరు కోట్ల నుంచి నలభై కోట్ల వరకు ఉండేవని అంచనాలు. పంతొమ్మిదో శతాబ్దం ముగిసేసరికి లక్ష మిగిలాయంటారు. 1830లు, 40లలో పట్టు టోపీ మోజు రాకపోయి ఉంటే ఆ లక్షా ఉండేవి కావేమో. గోల్డ్‌ఫార్బ్ వాదన ఇక్కడ గట్టిది. బీవర్ ఆనకట్టలతో నిండిన వాగు వాగులా ఉండదు. అది చెరువులు, బురదమడులు, ఎండిన చెట్లు, పాయలు కలసిన చిత్తడి. బీవర్లు పోయాక ఆనకట్టలు తెగి, నీరు ఒకే పాయగా కోసుకుపోయి, మనం నేడు 'సహజమైన సెలయేరు' అనుకొనే తేటనీటి ప్రవాహం మిగిలింది. భూగోళ పరిశీలకులూ కవులూ వచ్చేనాటికే ఆ దృశ్యం మారిపోయింది.

ఒనైడా పేరు మన ఇళ్ళలో చెంచాల మీద చాలామంది చూసే ఉంటారు. న్యూయార్కు రాష్ట్రంలో 1848లో ఏర్పడిన ఒనైడా సమాజం ఒక ఆదర్శ సమష్టి జీవన ప్రయోగం. సొంత ఆస్తి లేదు, ఒక భార్యకు ఒక భర్త అన్న కట్టుబాటు లేదు. ఆ స్వర్గసీమ ఖర్చులు భరించింది సూయెల్ న్యూహౌస్ రూపొందించిన ఉక్కు ఉచ్చుల అమ్మకం. అడవిలో జంతువు కాలు పట్టే ఇనుప దవడలు. సమాజం తరువాత విడిపోయింది, కంపెనీ చెంచాలు, ఫోర్కుల్లోకి మారింది.

వైద్యవృత్తిలో ఉన్నవాడిగా మాకినాక్ దీవి దగ్గర ఆగకుండా ముందుకు పోలేను. 1822 జూన్ 6న ఆ దీవిలోని అమెరికన్ ఫర్ కంపెనీ దుకాణంలో తుపాకి పొరపాటున పేలి, అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే కెనడా పడవ కూలీ పొట్టలో దూసుకుపోయింది. సైనిక వైద్యుడు విలియం బోమాంట్ అతణ్ణి బతికించాడు. గాయం మానింది, కాని జీర్ణకోశం గోడ ఒంటి గోడకు అతుక్కొని బయటికి తెరుచుకొన్న రంధ్రం మిగిలింది. 1825 నుంచి బోమాంట్ ఆ రంధ్రం గుండా మాంసం ముక్కలను పట్టుదారానికి కట్టి లోపలికి వదిలి, గంట గంటకూ బయటికి లాగి చూశాడు. 1833లో అచ్చయిన ఆయన పుస్తకంలో 238 ప్రయోగాలున్నాయి. జీర్ణక్రియ రసాయనిక ప్రక్రియ అని తేల్చిన గ్రంథంగా మా విద్యార్థి దశలో దాన్ని కీర్తిస్తూ చెప్పారు. తోళ్ళ కంపెనీ కూలీకి వేరే బతుకుతెరువు లేకపోవటం, ఒప్పందపత్రం మీద సంతకం పెట్టించుకోవటం, అతడు మధ్యలో కెనడాకు వెళ్ళిపోవటం ఎవరూ చెప్పలేదు. 1880లో సెయింట్ మార్టిన్ చనిపోయినప్పుడు, అతడి జీర్ణకోశాన్ని మ్యూజియంలో పెట్టాలని ఆశపడిన వైద్యుల్లో సర్ విలియం ఆస్లర్ ఒకడు. కుటుంబంవారు శవాన్ని కుళ్ళేదాకా ఇంట్లోనే ఉంచి, ఎవరూ తవ్వలేనంత లోతున పాతిపెట్టారు. తోళ్ళ వ్యాపారంలో తన చర్మాన్ని తన దగ్గరే ఉంచుకోగలిగినవాడు ఆ ఒక్కడేనేమో.

లూయిస్ హెన్రీ మోర్గన్ పేరు తెలుగు అభ్యుదయ సాహిత్య పాఠకులకు కొత్త కాదు. కుటుంబం, సొంత ఆస్తి, రాజ్యం ఎలా పుట్టాయన్న విషయం మీద ఎంగెల్స్ 1884లో రాసిన గ్రంథానికి ఆధారం మోర్గన్ 1877 నాటి 'ఏన్షియంట్ సొసైటీ'. ఆ మోర్గనే అంతకు తొమ్మిదేళ్ళ ముందు, 1868లో, బీవర్ల మీద ఒక పెద్ద పుస్తకం రాశాడని మనలో చాలామందికి తెలియదు. వృత్తిరీత్యా న్యాయవాది. ఇనుప ఖనిజం మోసే రైలుమార్గంలో పెట్టుబడి పెట్టి మిషిగన్ ఉత్తర ద్వీపకల్పానికి వెళ్ళాడు. చేపలు పట్టడానికి వాగుల వెంట తిరుగుతుంటే అడుగడుగునా బీవర్ ఆనకట్టలు అడ్డుపడ్డాయి. చేపలు వదిలేసి వాటిని కొలవడం మొదలుపెట్టాడు. ఎంత శ్రద్ధగా పటం గీశాడంటే, ఇంచుమించు 150 ఏళ్ళ తరువాత ఆ పటం చేతపట్టుకొని వెళ్ళిన పరిశోధకులకు అందులోని చెరువుల్లో దాదాపు ముప్పాతిక వంతు ఇంకా గుర్తుపట్టేలా కనిపించాయి. ఇరొక్వా తెగల బంధుత్వాలను లెక్కించిన మనిషే బీవర్ కుటుంబాల వాసస్థలాలనూ లెక్కించాడు. జంతువులకూ ఆలోచన ఉందని ఆ పుస్తకంలో గట్టిగా వాదించాడు.

బీవర్‌కు కావలసింది నీరు, విల్లో, ఆస్పెన్ వంటి మెత్తని చెట్లు. అవి ఉంటే మిగిలింది అదే కట్టుకుంటుంది. అందుకే దాన్ని తిరిగి నిలబెట్టడం సులభమైంది. 1948లో ఐడహో రాష్ట్ర ఉద్యోగులు 76 బీవర్లను చెక్కపెట్టెల్లో పెట్టి, యుద్ధంలో మిగిలిన పారాచూట్లు తగిలించి, విమానాల్లోంచి దారీ తెన్నూ లేని అడవిలోకి దింపారు. ఒక్కటి తప్ప అన్నీ క్షేమంగా దిగాయి. కాని ఫిషర్, మార్టెన్ అలాంటివి కావు. వాటి ఇల్లు అవి కట్టుకోలేవు. ఇంకెవరో కట్టి, పాడుబెట్టి, పుచ్చిపోనిచ్చిన చెట్టు కావాలి.

ఫిషర్ పేరు చూసి మోసపోకూడదు. అది చేపలు పట్టదు. యూరపులోని ఇటువంటి ఒక జంతువు పేరు నాలుకలు మారి ఇలా స్థిరపడింది. మగది మూడున్నర నుంచి ఆరు కిలోలు, ఆడది రెండు రెండున్నర కిలోలు. ముదురు గోధుమ రంగు, పొడవాటి తోక. ఒజిబ్వే ప్రజలు దీన్ని ఒజీగ్ అంటారు. నేలమీద ఎప్పుడూ చలికాలమే ఉన్న రోజుల్లో ఒజీగ్ ఆకాశానికి ఎగబాకి, దానికి కన్నం పొడిచి, పైలోకంలో బంధించి ఉన్న వేసవిని కిందికి వదిలిందట. పైవాళ్ళు వెంటాడి తోకమీద బాణం వేశారు. మనం సప్తర్షి మండలం అని పిలిచే నక్షత్రాలే ఒజిబ్వేలకు ఆ ఫిషర్. వసిష్ఠుడూ అరుంధతీ ఉన్న చోటనే వారికి తోకకు గాయమైన ఈ చిన్నజంతువు ఉంది.

దాని గర్భధారణ విచిత్రం. వసంతారంభంలో ప్రసవించిన కొద్దిరోజులకే ఆడది మళ్ళీ జతకడుతుంది. ఆ పిండం చిన్న కణాల ఉండగా మారి, గర్భాశయం గోడకు అతుక్కోకుండా, పెరగకుండా సుమారు పది నెలలు ఊరికే ఉండిపోతుంది. శీతకాలం చివర పగటివెలుగు పెరిగే వేళకు నాటుకొని, నెలా నెలన్నరలో పిల్లలవుతుంది. అంటే ఎదిగిన ఆడ ఫిషర్ ఏడాదిలో కొద్దిరోజులు తప్ప ఎల్లప్పుడూ గర్భవతే. చలికాలంలో, బొచ్చు దట్టంగా ఉన్నప్పుడు, ఉచ్చులో పడిన ప్రతి ఆడదానితోనూ ఆ ఏటి పిల్లలు కూడా పోతాయి. పైగా ఆడదాని బొచ్చు సన్నగా, పట్టులా ఉంటుంది కనుక ధర దానికే ఎక్కువ. 1920 ప్రాంతంలో మంచి తోలు ఒక్కటి 100 డాలర్లు దాటింది. ఆ రోజుల్లో అది కూలివాడి కొన్ని నెలల సంపాదన. వెల పెరిగేకొద్దీ వేటగాడు ఇంకా దూరం నడిచి చివరిదాన్ని కూడా పట్టుకుంటాడు. విస్కాన్సిన్ 1921లో వేట నిలిపివేసింది. 1932 తరువాత అక్కడ ఫిషర్ కనిపించలేదు.

ఉచ్చు ఒక్కటే కారణం అనుకుంటే కథ సులువుగా ముగిసేది. అప్పటికే మిషిగన్, విస్కాన్సిన్, మిన్నెసోటా తెల్లపైన్ అడవులను నేలమట్టం చేశారు, మిగిలిన కొమ్మరెమ్మలు నిప్పంటుకొని వందల మైళ్ళు కాలాయి. 1871 అక్టోబరు 8న పెష్టిగో పట్టణం కాలింది అలాంటి మంటల్లోనే. ఫిషర్‌కు పిల్లలను పెట్టుకోవడానికి చెట్టు తొర్ర కావాలి. తొర్ర నేలకు ఎత్తుగా ఉండాలి, లోపల తల్లీ పిల్లలూ పట్టాలి, ద్వారం మాత్రం ఆడది దూరగలిగినంతే ఉండాలి. పెద్ద మగది, ఇతర జంతువులు దూరకూడదు. పిల్లలు ఎదిగేలోగా తల్లి వాటిని నోట కరచుకొని ఒక తొర్రనుంచి మరో తొర్రకు మారుస్తుంది. కాబట్టి ఒకటి చాలదు. అటువంటి తొర్ర ఎలా ఏర్పడుతుంది? కొమ్మ విరిగిన చోట శిలీంధ్రం ప్రవేశించి, బతికి ఉన్న చెట్టు గుండెకాయను పుచ్చబెట్టాలి. బయటి కవచం గట్టిగా నిలవాలి. దానికి చెట్టు ముందు లావెక్కాలి, తరువాత జబ్బుపడాలి. నూరేళ్ళ పని. అటవీశాస్త్రం చదివిన ఇంజనీరు దృష్టిలో అది పనికిరాని చెట్టు, ముందుగా కొట్టేయవలసింది. నేను చూసే రోగుల్లోనూ పుచ్చిన గుండెతో నిలబడి ఇంటిల్లిపాదికీ నీడనిచ్చేవారు ఉన్నారు. వారిని ఏ పట్టికలో చేర్చాలో మాకూ తెలియదు.

ఫిషర్ చిన్న చుట్టమైన మార్టెన్ అవసరాలు మరింత నిక్కచ్చివి. సన్నని ఒళ్ళు, కొవ్వు నిలువ ఉండదు, చలికి ఓర్చుకోలేదు. దాని శీతకాలమంతా మంచు కింద గడవాలి. అందుకు నేలమీద పడి కుళ్ళుతున్న దుంగలు కావాలి. దుంగ పక్కన మంచుకు మిగిలిన సందులోంచి కిందికి దిగి, అక్కడే ఎలుకలను పట్టి, అక్కడే వెచ్చగా ముడుచుకుంటుంది. పడిన చెట్లను ఏరి శుభ్రం చేసిన అడవి మార్టెన్‌కు తలుపులు మూసిన ఇల్లు. చెట్లులేని ఖాళీజాగా దాటడానికి కూడా అది జంకుతుంది. ఒజిబ్వేల కులాల్లో మార్టెన్ కులం ఒకటి. విస్కాన్సిన్‌లో ఎన్నిసార్లు తెచ్చి విడిచినా అది నేటికీ రాష్ట్రపు ప్రమాదస్థితి జాబితాలోనే ఉంది.

ఫిషర్లను తిరిగి తెచ్చింది కరుణ కాదు. కలప. అవి లేకపోవడంతో ముళ్ళపందులు పెరిగిపోయాయి. అవి చెట్టు లోబెరడు గీకి తింటాయి, చుట్టూ గీకితే పైభాగం ఎండిపోతుంది. న్యూ ఇంగ్లండులో ముళ్ళపంది తలకు ఇంతని ప్రభుత్వాలు బహుమతులిచ్చి విసిగిపోయాయి. ముళ్ళపందిని చంపగల కొద్ది జంతువుల్లో మొనగాడు ఫిషర్. దాన్ని వెల్లకిలా తిప్పి పొట్ట చీలుస్తుందన్న కథ చాలాకాలం ప్రచారంలో ఉంది. అది నిజం కాదని పావెల్ తేల్చాడు. నేలకు తక్కువ ఎత్తులో ఉండే ఈ జంతువు ముళ్ళపంది చుట్టూ తిరుగుతూ, ముళ్ళులేని ముఖం మీద పదేపదే కరిచి అలసట తెప్పిస్తుంది. ముళ్ళపంది చెట్టుకు ముఖం ఆనించి నిలబడగలిగితే బతికిపోతుంది.

వెర్మాంట్ రాష్ట్రం 1959 నుంచి 1967 వరకు మెయిన్ రాష్ట్రంనుంచి 124 ఫిషర్లను తెచ్చి విడిచింది. విస్కాన్సిన్‌లో నికొలే జాతీయ అరణ్యంలో 1956-63 మధ్య 60, షెవామెగన్‌లో 1966-67లో మరో 60 విడిచారు. వదిలిన చోట్ల నేలమీద ఉచ్చులు పెట్టడాన్ని నిషేధించారు, ఎందుకంటే నక్కకోసం పెట్టిన ఉచ్చులో ఫిషర్ ముందు పడుతుంది. ఈ పనులకు ఊతమిచ్చిన చట్టం 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం. తుపాకులు, తూటాల అమ్మకపు పన్నును వన్యప్రాణులకు మళ్ళించింది. వేటగాడి డబ్బుతో వేటజంతువును కాపాడటం నాకు మొదట్లో మింగుడుపడలేదు. అయితే ఆ డబ్బు లేకుంటే ఈ కథ 1932లోనే ఆగిపోయేది. 1985లో విస్కాన్సిన్ మళ్ళీ పరిమితంగా ఫిషర్ వేట తెరిచింది. కలప కోసం రప్పించిన జంతువు మళ్ళీ తోలుగా మారింది.

న్యూ ఇంగ్లండులో మరో మార్పు ఎవరూ తలపెట్టకుండానే జరిగింది. పంతొమ్మిదో శతాబ్దంలో రైతులు రాతిపొలాలు వదిలి పడమటికి, మిల్లులకు వెళ్ళిపోయారు. పొలాల్లో అడవి మొలిచింది. అది ముదిరేకొద్దీ ఫిషర్లు వెనక్కి వచ్చాయి. నేడు బాస్టన్ శివార్లలో పెంపుడుపిల్లి కనపడకపోయినా, రాత్రి ఎక్కడో కీచుమని అరుపు వినిపించినా నేరం ఫిషర్ మీద వేస్తారు. ఆ అరుపులు సాధారణంగా నక్కలవి. బీవర్ కూడా తిరిగివచ్చింది. 1996 నవంబరులో మసాచూసెట్స్ ఓటర్లు క్రూరమైన ఉచ్చులను నిషేధించారు. బీవర్లు పెరిగాయి, రోడ్లు, సెప్టిక్ ట్యాంకులు, మంచినీటి బావులు మునిగాయి. 2000లో చట్టం సవరించి, ప్రజారోగ్యానికి ముప్పున్నచోట అనుమతులిచ్చే అధికారం ఊరి ఆరోగ్య మండలికి ఇచ్చారు. రెస్టారెంట్ల శుభ్రతా, టీకాలూ చూసే మండలే ఒక బీవర్ ప్రాణం ఉండాలా పోవాలా అని నిర్ణయించే స్థితి వచ్చింది.

పడమటి తీరంలో పరిస్థితి వేరు. కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల దక్షిణ భాగంలో ఫిషర్ల చిన్న సమూహం ఒకటి మిగిలి ఉంది. అక్కడి నల్ల ఓక్ చెట్ల తొర్రల్లో, ముదిరిన ఫర్ చెట్లలో పిల్లలను పెడతాయి. 2009లో ఆ రాష్ట్రంలో ఒక ఫిషర్ రక్తస్రావంతో చచ్చిపడి కనిపించింది. మౌరాద్ గాబ్రియేల్, తోటి పరిశోధకులు 58 కళేబరాలను పరీక్షించి 2012లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో 46 కాలేయాల్లో ఎలుకలమందు ఉంది. పాలుతాగే వయసు పిల్లలో కూడా దొరికింది. మనుషులు లేని జాతీయ అరణ్యంలోకి ఎలుకలమందు ఎలా వచ్చింది? కొండల్లో దొంగచాటుగా గంజాయి పండించేవారు మొక్కలను ఎలుకలు కొరకకుండా చల్లిన విషమే దానికి దారి అని వారు అనుమానించారు.

ఆ విషం వంశవృక్షం నాకు బాగా తెలుసు. 1920లలో బూజుపట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం ఆగక చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ఆ గడ్డిలోని దోషకారిని 1940 ప్రాంతంలో వేరుచేశాడు. దాని సంతతి అయిన వార్ఫరిన్ 1948లో ఎలుకలమందుగా బజారుకు వచ్చింది, 1954లో మనుషుల మందయింది. మా వార్డుల్లో ఏళ్ళ తరబడి వాడిన మందు. ఎలుకలు దానికి అలవాటుపడటంతో బ్రోడిఫకూమ్ వంటి తీవ్రమైనవి వచ్చాయి, అవి ఒంట్లోంచి నెలల తరబడి పోవు. 2018 వసంతంలో ఇల్లినాయ్ రాష్ట్రంలో బ్రోడిఫకూమ్ కలిసిన కృత్రిమ గంజాయి పీల్చి 150 మందికి పైగా రక్తస్రావంతో ఆసుపత్రుల పాలయ్యారు. మనిషికి విటమిన్ కె ఉంది. అది నెలల తరబడి మింగాలి. ఫిషర్‌కు చెట్టుమీదినుంచి ఎవరు దింపి మందిస్తారు?

2012 నుంచి 2016 వరకు సాగిన కరువులో కాలిఫోర్నియాలో పది కోట్లకు మించి చెట్లు ఎండిపోయాయి. 2020 మే నెలలో దక్షిణ సియెర్రా ఫిషర్లను కేంద్రప్రభుత్వం అంతరించే ప్రమాదమున్న ప్రాణుల జాబితాలో చేర్చింది. అదే సెప్టెంబరులో క్రీక్ ఫైర్ అంటుకొని ఆ ప్రాంతంలోనే దాదాపు 3.8 లక్షల ఎకరాలు కాల్చింది. అటవీశాఖ ముందున్న చిక్కు ఇదీ. మంటలు చెట్ల తలలకు ఎగబాకకుండా అడవిని పలచబరచాలి. పలచబరిస్తే ఫిషర్‌కు నీడపోతుంది, పుచ్చిన పెద్దచెట్లు ముందుగా పోతాయి. పలచబరచకుంటే అన్నీ ఒక్కసారే పోవచ్చు. నూరేళ్ళుగా ప్రతి మంటనూ వెంటనే ఆర్పివేసిన విధానం ఈ ఇంధనాన్ని కూడబెట్టింది. పలచబరచే పనిలో పెద్దచెట్లనూ తొర్రచెట్లనూ గుర్తుపెట్టి వాటి చుట్టూ మాత్రమే దట్టం ఉంచాలన్నది నేటి రాజీమార్గం. ఇద్దరు స్పెషలిస్టులు చెరొక మందు రాసిన రోగి పరిస్థితి అడవిది. నాకైతే ఆ రాజీ సరైనదే అనిపిస్తుంది, గుర్తుపెట్టే మనిషికి తొర్ర విలువ తెలిసి ఉంటే.

వాషింగ్టన్ రాష్ట్రంలో 1934లో ఫిషర్ వేట ఆపినా ఆ జంతువు తిరిగి కోలుకోలేదు. 2008 జనవరిలో ఒలింపిక్ జాతీయ ఉద్యానవనంలో తొలి పెట్టెలు తెరిచారు. 2010 వరకు మొత్తం 90 ఫిషర్లను విడిచారు. అవి కెనడాలోని బ్రిటిష్ కొలంబియా నుంచి వచ్చాయి. పట్టి ఇచ్చినవారు అక్కడి తోళ్ళ వేటగాళ్ళే. చచ్చినదాని తోలుకు బదులు బతికినదానికి డబ్బు పుచ్చుకున్నారు. 2015లో కాస్కేడ్ పర్వతాల్లోనూ విడవటం మొదలైంది. ఆ పని సగంలో ఉండగా బ్రిటిష్ కొలంబియాలోనే ఫిషర్లు తగ్గిపోతున్నాయని తేలింది. అక్కడ పైన్ చెట్లను పురుగు తినేసింది, మిగిలిన కలపను త్వరత్వరగా కొట్టి తరలించారు, వాటితోపాటు తొర్రలున్న చెట్లూ లారీలెక్కాయి. మిగతా ఫిషర్లను అల్బర్టానుంచి తెప్పించుకున్నారు.